ఖాళీ బోనులు

మా ఆఫీసులో ఎలుకలకు తల దువ్వే ఉద్యోగం ఒకటుందంటే బయటివాళ్ళు నమ్మరు. ఉంది. ఆ పని చేసే మనిషికి మేమంతా దువ్వెనక్క అని పేరు పెట్టాం. నేను అక్కడే టైపిస్టుని. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటేనే ఒళ్ళు మండుతోంది, కాబట్టి ఇందులో మర్యాద వెతక్కండి.

ముందు ఆ పనేమిటో చెబుతాను. ధాన్యం గోదాముల్లో సాయంత్రం బోనులు పెట్టి పొద్దున్నే తెస్తారు. పట్టుబడ్డ ఎలుకను గుడ్డసంచిలో వేసి, మత్తుమందు దూది పడేసి మూతి కడతారు. అది సోలిపోయాక దువ్వెనక్క దాన్ని తెల్ల పళ్ళెంలో పడుకోబెట్టి పేల దువ్వెనతో ఎదురు దువ్వుతుంది. ఎలుక రక్తం తాగి బతికే గెంతుడు పురుగులు రాలతాయి. ఒక్కో ఎలుకకు ఎన్ని రాలాయో రాస్తుంది. ఆ సంఖ్య పెరుగుతోందంటే ప్లేగు వచ్చే ప్రమాదముందని అర్థం. మనిషికి సోకకముందే ఎలుక చెబుతుంది, వినే చెవులుంటే.

ఆవిడ చదివింది ఐదో తరగతి. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. వాడు మూడో నంబరు గోదాములో హమాలీ. మధ్యాహ్నం అక్క దగ్గరే తిండి.

"అక్కా, నీ బిడ్డలకు తల దువ్వడం అయిందా? ఇక నాకు కాస్త అన్నం పెట్టు" అంటూ వెనక గదిలోకి వచ్చేవాడు.

"ముందు చేతులు కడుక్కుని రా, వెధవా" అనేది ఆవిడ. వాడి పళ్ళెంలో ఎప్పుడూ ఒక ముద్ద ఎక్కువే ఉండేది.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు మూడో గోదాము నుంచి బోనులు ఖాళీగా రావడం మొదలైంది. రోజుకు పది పన్నెండు పడేచోట రెండు, తర్వాత ఒకటి, తర్వాత అదీ లేదు. ఆఫీసరు మొహం చాటంత అయింది. తన హయాంలో ఎలుకలు తగ్గాయట! నన్ను పిలిచాడు.

"రాయమ్మా. గోదాముల్లో ఎలుకల బెడద గణనీయంగా తగ్గింది. పైకి ఒక కాపీ, ఆసుపత్రికి ఒక కాపీ."

దువ్వెనక్క గుమ్మంలో నిలబడి వింది.

"తగ్గలేదు సార్, చచ్చాయి" అంది. "ఆఖరున పడ్డదానికి ఇరవై రెండు పురుగులున్నాయి. ఎప్పుడూ రెండో మూడో ఉండేవి. ఎలుకలన్నీ పోతే ఆ పురుగులు ఎవర్ని కుడతాయి? అక్కడ మనుషులున్నారు."

"చచ్చిన ఎలుకను ఒక్కదాన్నైనా చూశావా?"

"బస్తాల వెనక వాసన వస్తోంది సార్."

"వాసన మీద రిపోర్టు రాయమంటావా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆఫీసరు నవ్వితే నవ్వడం కూడా నా ఉద్యోగమే అనుకునేదాన్ని. టైపు చేసి పంపేశాను.

మర్నాడు ఆవిడ మోకాళ్ళ దాకా తెల్లగుడ్డ చుట్టుకుని గోదాములో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. ఆ గుడ్డను గాజుసీసాలో కుక్కి, మూత బిగించి, తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టింది. లోపల నల్లగా గెంతుతున్నాయి. ఆయన బూట్లతో సహా కుర్చీ ఎక్కాడు. మూత బిగించిన సీసాకు!

"గోదాము మూయించండి సార్. మందు కొట్టించండి. మా తమ్ముడు అక్కడే పని చేస్తాడు."

"పైనుంచి ఆర్డరు రావాలి" అన్నాడు కుర్చీ మీద నుంచే.

ఆయన గదికి మందు కొట్టించడానికి అరగంట పట్టలేదు. గోదాముకు మాత్రం ఆర్డరు కావాలి. ఆ మనిషి రోజంతా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని టీ తాగాడు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను.

దువ్వెనక్క తమ్ముణ్ణి పనికి పోవద్దని బతిమాలింది, తిట్టింది, చెప్పులు దాచింది.

"గోదాము తెరిచే ఉంది కదక్కా. నిజంగా అంత ప్రమాదమైతే మీ సార్ మూయించడా?" అన్నాడు వాడు. పక్కవాడి చెప్పులేసుకుని పోయాడు.

మూడో రోజుకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, గజ్జల్లో కోడిగుడ్డంత గడ్డ. ఆసుపత్రికి ఆవిడే తీసుకెళ్ళింది. ప్లేగేమో చూడండని డాక్టరుతో నోరు తెరిచి చెప్పింది. ఆయన బల్ల మీది కాగితం తీసి చూపించాడు.

"ఎలుకలు తగ్గాయని మీ ఆఫీసే రాసింది కదమ్మా. కాలి మీద దెబ్బుంది, అందుకే గజ్జల్లో గడ్డ కట్టింది."

ఆవిడ గొడవపడితే రక్తం తీసి పరీక్షకు పంపాడు. జ్వరానికి మాత్రలిచ్చి ఇంటికి పొమ్మన్నాడు. ఆ కాగితం నేను టైపు చేసిందే. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

రెండు రోజులకు వాడు పోయాడు. ఆ మర్నాడు పరీక్ష ఫలితం వచ్చింది: ప్లేగే. సాయంత్రానికల్లా గోదాముకు తాళం పడింది, మందు బండ్లు వరసకట్టాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. కాలిన చేతులు మాత్రం మావి కావు.

వారం తర్వాత ఆవిడ ఆఫీసుకు వచ్చింది. నేను కొత్త రిపోర్టు టైపు చేస్తున్నాను.

"ఏం రాస్తున్నావో చదువు" అంది.

చదివాను. "వ్యాధికి మొదటి సూచన: మూడో నంబరు గోదాములో ఒక హమాలీ మరణం."

ఏడుస్తుందనుకున్నాను. అరచేత్తో బల్ల మీద కొట్టింది.

"ఎలుకల్ని ఎందుకు పట్టేది? మనిషి చావకూడదనే కదా? అవి చచ్చి చెబితే మీకు చాల్లేదు. నేను బతికుండి చెబితే చాల్లేదు. మా వాణ్ణి ఎలుకను చేశారు కదే! కొట్టెయ్ ఆ ముక్క. మొదట చెప్పింది నేను. పదకొండో తారీఖున, ఆ గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆయన విన్నాడు, నువ్వూ విన్నావు. విని నవ్వావు. అది రాయి."

రాశాను. నవ్వానన్నది కూడా రాశాను. సంతకం పెట్టనని ఆఫీసరు ఆ కాగితాన్ని నా మొహాన కొడితే, కింద నేనే సంతకం పెట్టి తీసుకెళ్ళి డాక్టరు చేతిలో పెట్టాను.

దువ్వెనక్క ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ మాట్లాడేదాన్ని కాదు.