పెనుకొండలో తాడుకు బురద పూసిన రోజు

మా మనవరాలు దీప తన కొండలెక్కే బృందంతో కలిసి ఒక గుహలోకి దిగాలనుకుంది. బావిలా నిట్టనిలువుగా ఉండే గుహ. తాడు మీద దిగి, ఆ తాడు మీదే పైకి రావాలి. ధర్మవరంలో ఉన్న మా అమ్మాయి, అంటే దీప తల్లి, ససేమిరా అంది. తల్లీకూతుళ్లు వాదించుకొని, చివరికి "అవ్వ కళ్లారా చూసి సరేనంటే పో" అన్న మాట దగ్గర ఆగారు. అలా దీప పెద్ద సంచితో హిందూపురంలోని మా ఇంట్లో దిగింది. పెనుకొండలో పరీక్ష, సాయంత్రానికి ధర్మవరంలో తీర్పు. ఇదీ మా ప్రయాణం.

సంచిలో ముఖ్యమైనది గుప్పిట్లో పట్టే లోహపు పరికరం. రోప్ గ్రాబ్ అంటారట. తాడుకు తగిలించి పైకి తోస్తే సులువుగా జరుగుతుంది. బరువు పడితే లోపలి సన్నని పళ్లు తాడును కరిచి పట్టుకుంటాయి. అది బాగుంది గానీ తాడు మాత్రం మట్టికొట్టుకొని ఉంది. ఉతకనిదే గడప దాటనీయనన్నాను. దీప షాంపూ నీళ్లలో ఉతికి నీడన ఆరేసింది.

మర్నాడు ఏడు గంటలకు పల్లెవెలుగు బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. గంట పైచిలుకు ప్రయాణం. పెనుకొండ బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ఇద్దరికీ ఎనభై రూపాయలు. కొండ కిందికి ఆటో మాట్లాడుకున్నాం. వేచి ఉండడానికి కూడా కలిపి మూడు వందలు అడిగాడు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు.

కోట గోడల జోలికి పోకుండా, కొండ అడుగున రెండు నిలువుల ఎత్తున్న గుండురాయి ఒకటి చూసుకున్నాం. దీప వెనకనుంచి దాని మీదికెక్కి, అక్కడున్న చింతచెట్టు మొదలుకు తాడు కట్టి, రాతి అంచున గోనెపట్ట వేసి కిందికి వదిలింది. రోప్ గ్రాబ్ తగిలించి చకచకా పైదాకా వెళ్లి దిగింది. "చూసినావా అవ్వా? పాస్!"

తెల్లగా మెరుస్తున్న ఆ తాడును చూస్తుంటే మా నాయన గుర్తొచ్చాడు. పరిగి దగ్గర మా చేనిలో బావి ఉండేది. ఏటా ఎండాకాలం పూడిక తీసేవాళ్లు, ముందు నాయనే దిగేవాడు. ఒక ఏడు కొత్త తాడు తెచ్చాడు. దిగేటప్పుడు పట్టు బాగానే దొరికింది. లోపల బురద అంటుకున్నాక, పైకి వస్తుంటే చేతుల్లోంచి సర్రున జారింది. ప్రాణం దక్కింది గానీ రెండు అరచేతుల్లోనూ అడ్డంగా తాడు కోసిన గీత మిగిలింది. నిద్రపోయే ముందు నేను ఆ గీత వెంట వేలు నడిపేదాన్ని. ఆ ఏటి నుంచి మా బావి దగ్గర ఒక పద్ధతి వచ్చింది. తాడుకు బురద పూసి, నేలకు మూరెడు ఎత్తులో వేలాడి చూశాకే దిగాలి.

సీసాలో నీళ్లు ఎర్రమట్టిలో పోసి పిసికి, తాడుకు పట్టించడం మొదలుపెట్టాను.

"అవ్వా! నిన్న ఉతకమన్నది నువ్వే కదా! షాంపూ అంతా అయిపోయె!"

"యాడికి పోతాండావే నువ్వు? గుహలోకా, పూజగదిలోకా? ఉతికిన తాడు మీద పరీక్ష పెట్టడం నా బుద్ధితక్కువే. ఎక్కు, మూరెడే."

ఆటో అబ్బాయి దగ్గరికొచ్చాడు. "ఏమవ్వా, ఇట్లాంటి చాకిరేవు నేను యాడా చూడలే."

దీప మూరెడు ఎత్తున బరువు వేసింది. పళ్ల సందుల్లో మట్టి నిండి రోప్ గ్రాబ్ జర్రున జారింది. పిల్ల బురదలో చతికిలబడింది. ఆటో అబ్బాయి నవ్వాడు, నేను నవ్వలేదు. "అయితే నన్ను పంపవా?" అంది దీప, బురదలోంచి లేస్తూ.

"రెండో పట్టు లేదా మీకు?"

ఉంది. నడుముకు కట్టుకొని, పెద్ద తాడుకు చుట్టి ముడివేసే సన్నతాడు. అది వాడితే ఆలస్యమవుతుందని సంచిలోనే ఉంచేసింది. తీసి చుట్టమన్నాను. మళ్లీ వేలాడింది. రోప్ గ్రాబ్ మళ్లీ జారింది గానీ సన్నతాడు బిగుసుకొని దీపను ఆపేసింది. తర్వాత సంచిలోని పాత టూత్‌బ్రష్‌తో దాని పళ్లు తోమి ఎక్కితే రోప్ గ్రాబూ పట్టుకుంది.

మధ్యాహ్నం బస్సులో ధర్మవరం చేరాం. మా అమ్మాయి నన్ను తలుపులోనే ఆపేసింది. "ఏమ్మా, నీ చీరకు కూడా బురదేనా! ఇంతకీ ఆ మిషను పట్టుకుందా?"

"జారింది. జారేది నేల దగ్గరనే చూసుకున్నాం. రెండో పట్టు లేకుండా దిగనని మాటిచ్చింది. పంపు."

గుహలకు వెళ్లదలచినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పరికరాన్ని బురద తాడు మీద, మూరెడు ఎత్తులో, రెండో పట్టుతో పరీక్షించండి. పళ్లు తోమడానికి పాత టూత్‌బ్రష్ మెడలో వేలాడదీసుకోండి. నాయన ఆ పద్ధతి పెట్టిన బావి పూడిపోయి చాలా కాలమైంది. ఆ పద్ధతి కూడా నాతోనే పోతుందనుకున్నాను.

గుహ నుంచి బయటికి రాగానే దీప వీడియో కాల్ చేసింది. ఏదో చెప్పబోతుంటే ఆపి, చేతులు చూపించమన్నాను. రెండు అరచేతులూ తెరిచింది. నిండా బురద. "తుడుచుకొని చూపించు" అన్నాను. తుడుచుకుంది. గీత లేదు.