కళట్టు

చంద్రప్పకు నిలబడి పని చేయాలని కోరిక. అంతే. ధర్మపురిలో సేలం రోడ్డు పక్కన ఇరవై ఏళ్లు లారీల కింద వెల్లకిలా పడుకుని రిపేర్లు చేశాడు. నడుము పోయింది. నూనె చుక్కలు పడీ పడీ ఒక కన్ను మసకబారింది. బస్సుల యజమాని కేశవన్ మొదలాళి షెడ్డులో మాత్రం సిమెంటు గుంత ఉంది. బండి పైన, మేస్త్రీ గుంతలో నిటారుగా. అక్కడి పెద్ద మేస్త్రీ 1984లో మానేశాడు.

"కడత్తూరు దగ్గర నా ఎర్రకారు నిలిచిపోయింది. గేర్‌బాక్సు చెడకుండా ఇల్లు చేర్చు. గుంత నీదే," అన్నాడు కేశవన్.

రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు అది. అలాంటిదాన్ని ఊరికే తాడేసి లాగకూడదు. ఇంజను ఆగితే గేర్లకు నూనె అందదు. వెనక చక్రాలు గేర్‌బాక్సుకు కలిపే షాఫ్టును తిప్పుతూ పోతే లోపల ఎండి కాలిపోతాయి. ముందు ఆ షాఫ్టు ఊడదీయాలి. లారీ కోసం ఊళ్లోకి పోతూ చంద్రప్ప ఆ పని కేశవన్ కొత్త డ్రైవరు సిద్ధరాజ్‌కు చెప్పాడు. సిద్ధరాజ్ నెల్లూరు నుంచి వచ్చి పది రోజులు, తమిళం రాదు.

"తమ్ముడూ, నేను వచ్చేలోపల షాఫ్టు కళట్టు."

ఈ ప్రాంతపు తెలుగిళ్లలో విప్పడం అనే మాట ఎప్పుడో పోయింది. చొక్కా అయినా చెప్పులైనా కళట్టడమే; అది తమిళమని వాళ్లకే గుర్తులేదు. రథం చీల ఊడి రాజ్యాలు పోయిన కథలు నేను చాలా చదివాను. సిద్ధరాజ్ చెవిలో ఊడింది ఒక్క అక్షరం. 'కట్టు' అని విన్నాడు. లాగే తాడు తెచ్చి షాఫ్టుకే కట్టాడు.

లారీతో తిరిగొచ్చి, దాని మోతలో చంద్రప్ప అడిగాడు: "కళట్టినావా?"

"కట్టానన్నా, గట్టిగా!"

అయినా అలవాటు కొద్దీ చంద్రప్ప కారు కింద దూరబోయాడు. ఆ రోజు ఆయన పెళ్లాం పంచవర్ణం మొగుడికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడిగించింది. కారు కోసం వచ్చి నిలబడ్డ కేశవన్ భుజం పట్టి ఆపాడు.

"ఏంది మేస్త్రీ, ఇంకా పురుగు మాదిరి పాకుతావా? గుంతలో నిలబడేవానికి ఈ బుద్ధి పోవాల."

చంద్రప్ప సిగ్గుపడి లేచాడు.

లారీ వంద గజాలు పోకముందే తిరిగే షాఫ్టు తాడును చుట్టుకుంది. గేర్‌బాక్సు పగిలి నూనె రోడ్డు మీద కారింది. జరిగిన పొరపాటు విని కేశవన్ కడుపుబ్బ నవ్వాడు. తరువాత నవ్వు ఆపాడు.

"చొక్కా కళట్టు మేస్త్రీ. దాంతో తుడువు."

తుడిచాడు.

గుంత ఇంకొకరికి పోయింది. పోయే ప్రతి బస్సులోంచీ కండక్టర్ల కేక: "మామా, కట్టాలా, కళట్టాలా?" ఒకసారి ఆ రెండు మాటలూ మట్టిలో రాసి చూపించాను. తెలుగు చదవడం రాదు ఆయనకు. "రెండూ ఒకే మాదిరి ఉండాయి సామీ," అని మళ్లీ లారీ కింద దూరాడు.

మూడేళ్లకు అక్కడే పోయాడు, వెల్లకిలా. పూడ్చే ముందు శవం కాళ్ల కట్లు విప్పాలి. "కళట్టండప్పా," అన్నాడు కులపెద్ద గోవిందసామి.

"సరిగా చెప్పు మామా," అంది వెనక నుంచి ఒక గొంతు, "కట్టాలా, కళట్టాలా?"

గుంత చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.