గోడ మీది దాయాదులు

మా నాయన మగ్గానికి ఎదురుగా ఉన్న గోడ మీద పేపర్లో వచ్చిన ఫొటోలు అంటించుకునేవాడు. కర్నూలులో పేరుమోసిన గుండె డాక్టరు, కడపలో ఉండే రిటైరైన జడ్జి, ఇంకా ఇద్దరు ముగ్గురు. వాళ్ళలో ఒక్కరినీ ఆయన ఎదురుగా చూసింది లేదు. అందరిదీ మా ఇంటిపేరే, అంతే. కొత్తవాళ్ళెవరైనా ఇంటికొస్తే మంచినీళ్ళ కంటే ముందు ఆ గోడ చూపించేవాడు.

డాక్టరు పోయాడని పేపర్లో చూసిన రోజు నాయన తలకు పోసుకుని మగ్గం ఆపేశాడు. పది దినాలు మైల పట్టాడు. గడ్డం గీసుకోలేదు, గుడి గడప తొక్కలేదు. అమ్మకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, ఆయప్ప నీకేమైతాడు? మగ్గం నిలిపితే కూడు యాడనించి వస్తాది?"

"ఇంటిపేరు కలిసినాక దాయాదే గదా. రేపు నేను పోతే వాళ్ళు నాకు మైల పట్టరా?"

"పిలవని పేరంటమంటే ఇదే" అని గొణిగింది అమ్మ.

నాయనకు అన్నదమ్ములు లేరు, కొడుకులు లేరు. నేనొక్కదాన్నే. పెళ్ళయి డోన్ పోయాక నా ఇంటిపేరూ మారిపోయింది. ఇక ఆయనకు ఆ గోడ తప్ప దాయాదులెవరూ మిగల్లేదు.

పోయిన ఎండాకాలం నాయన పోయాడు. గోడ మీది వాళ్ళలో బతికున్నది కడప జడ్జి ఒక్కడే. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఇంట్లో పనిచేసే మనిషెవరో ఎత్తాడు. సంగతంతా విని, "ఆ ఇంటిపేరోళ్ళు శానామంది ఉండారమ్మా. మీరెవరో సారుకు తెలీదు" అన్నాడు, మర్యాదగానే. వాళ్ళ తప్పేమీ లేదు. అయినా నాకు కోపమొచ్చింది. ఆ జడ్జి మీదా, చాప మీద పడుకోబెట్టిన మా నాయన మీదా.

పాడె పక్కింటివాళ్ళూ, ఎదురింటి సాయిబులూ మోశారు. కొరివి అమ్మే పెట్టింది.

నాలుగో రోజు పొద్దున వీధిలో ఒక పెద్దామె నీళ్ళు కాచి నన్ను పిలిచింది. "తలకు పోసుకో పాపా. ఇంటిపేరు మారిన బిడ్డకు మూడు దినాలే. నీకు తీరిపాయ."

నాకేం తీరలేదు. ఇప్పటికీ తీరలేదు. అయినా పోసుకున్నాను. ఎన్నడూ ఎదురుగా చూడని డాక్టరుకు పది దినాలు పట్టిన మనిషికి, కన్నకూతురు పట్టింది మూడు దినాలు.

ఇక మైల పట్టడానికి అమ్మ ఒక్కతే మిగిలింది, ఆ గోడ ముందు కూర్చుని. ఆ ఇంటిపేరు అమ్మకు పుట్టుకతో వచ్చింది కాదు.