మెతుకు అంటని విస్తరి

పోయినవి ఇవి: గుంట మగ్గాలు మూడు. వాటి మీద సగం నేసిన చీరలు రెండు, ఇంకా ఎక్కించని పడుగులు నాలుగు. జొన్నలు రెండు బస్తాలు. పాలిచ్చే మేక ఒకటి. బాపు. ఆరేళ్ల చెల్లె.

పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం, ధర్మపురికి ఎగువన గోదావరి ఒడ్డునున్న మా ఊళ్లో జరిగింది. గడీకి ఇక ఊరికే చీరలు నేసి ఇవ్వనని బాపు అన్నాడు. దొర మాట విని మా ఇంటికి నిప్పు పెట్టినవాడు మా కులంవాడే, మూడిళ్ల అవతలివాడు. మధ్యాహ్నం నిద్రలో ఉన్నవాళ్లు లేచి రాకుండా బయట గొళ్లెం కూడా పెట్టాడు. నన్ను కన్న అవ్వా నేనూ నూలు తడపడానికి ఏటికి పోయి ఉన్నాం కనుక మిగిలాం.

వాడు పదేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చి పని చేశాడు, అబద్ధమెందుకు. కరీంనగర్ ఆఫీసుల చుట్టూ తిరిగి నేతగాళ్లకు సంఘం పెట్టించాడు. సావుకారు ఇచ్చే కూలికి సంఘంలో ఒకటిన్నర రెట్లు వచ్చింది. నేను బడికి పోలేదు, పడుగు పోగులు ఎంచి లెక్కలు నేర్చుకున్నవాణ్ని. సంఘం లెక్క నేనే రెండుసార్లు సరిచూశాను. ఒక్క లడి నూలు తేడా రాలేదు. వాడు దొంగ అయివుంటే నాకు సులువయ్యేది.

రెండో ఏడు కులపెద్దలు వాణ్ని మళ్లీ కులంలో కలుపుకుందామన్నారు. మాలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు అన్నం పెట్టాలి, ఇంటికొకరు తినాలి. తిని మడిచిన విస్తర్లు ఒకచోట వేస్తే పెద్దమనిషి ఎంచుతాడు. ఇళ్లెన్నో విస్తర్లన్ని తేలితే తప్పు పోయినట్టే. ఆ తర్వాత దాని మాట ఎవరూ ఎత్తకూడదు. మావి నలభై ఒక్క ఇళ్లు.

అవ్వ పోనన్నది. పిల్ల ఎట్లా పోయిందో నోరు తెరిచి చెప్పుకోవద్దంటే ఎట్లా బతకాలని నన్నడిగింది. నేను తినడానికి కాదు, ఎంచడానికి పోయాను.

పెద్దమనిషి నలభై ఒకటి అన్నాడు. నేను కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే విప్పాను. ముప్పై మూడో విస్తరికి మెతుకు లేదు, పులుసు మరక లేదు. మోదుగాకు పొడిగా ఉంది.

"ఇది ఎవలు తిన్నరు పెద్దబాపూ?"

"మీ ఇంటిదనుకో బిడ్డా. సచ్చినోళ్లు మల్లొస్తరా? గాయన పుణ్యాన గిన్ని ఇండ్లల్ల పొయ్యి మండుతుంది."

"మా ఇల్లు సుత మండింది గద, గాయన పుణ్యాననే."

అప్పుడు వాడే లేచి వచ్చాడు. ఇంకేం చేయాలో చెప్పు, చేస్తానన్నాడు. నిజంగానే అడిగాడు. నాకు అదే మరీ అసహ్యమనిపించింది. వాడు ఎన్ని చీరలు నేయించినా అవి చీరల లెక్కలో పడతాయి. మనుషుల లెక్క వేరు.

"నువ్వు చేసేది ఊరికి మంచిదే, చెయ్యి," అన్నాను. "మా ఇంటి విస్తరి మాత్రం నువ్వు మడవకు."

ఆ విస్తరి తెచ్చి అవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని చూరులో దోపి, చెల్లెను గట్టిగా పేరు పెట్టి పిలిచింది.

వాడు పోయిన ఏడు చచ్చాడు. నేతగాళ్ల వీధంతా శవం వెంట నడిచింది, మేం నడవలేదు. పోయినవాటిలో మగ్గాలు మూడూ తీరాయి. చీరలు, పడుగులు, జొన్నలు, మేక ఎప్పుడో తీరాయి. ఈ రోజుకీ రావలసింది ఇద్దరు.