ప్రేమరాజు పాస్ చేసిన రేజరు

ప్రేమరాజు వాళ్ల నాయన రేజరు ఒకసారి ఛాంపియన్ రీఫ్ గనిలో చేయి జారి మైలు లోతుకు పడిపోయింది. మరునాడు పొద్దున షిఫ్టు వాళ్లు దాన్ని ఏరి, మనుషుల్ని గనిలోకి దింపే ఇనుప కేజ్‌లో పెట్టి పైకి పంపించారు. ఆయన దాన్ని నిక్కరుకు తుడుచుకుని, షాఫ్టు పక్కనే నిలబడి గడ్డం గీసుకుని ఇంటికి వచ్చాడు. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు. ఇది అబద్ధమనేవాళ్లు మా కేజీఎఫ్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక్కడూ మైలు లోతుకు దిగి చూసి రాలేదు. గనులు మూతపడి నీళ్లు నిండాయి కాబట్టి ఇక చూసి రాలేరు కూడా.

రేజరు సంగతి ఎలా ఉన్నా, ప్రేమరాజు సంగతిలో నేను కలపాల్సింది ఏమీ లేదు. ఉన్నదే ఎక్కువ.

ప్రేమరాజు గని వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ట్రాలీ పిన్నులు గానీ, కేజ్ తలుపు గొళ్లేలు గానీ కొత్తగా చేయించినప్పుడు మొదటి ముక్కను తెచ్చి అతని ముందు పెట్టేవాళ్లు. అతను దాన్ని రాతి మీద పడేసి మోత వినేవాడు. ఆకురాయితో గీకి లోపలి రంగు చూసేవాడు. వైసులో బిగించి వంచేవాడు. ఆ తర్వాత ఒకే ఒక మాట: పాస్, లేదా ఫెయిల్. పాస్ అంటే మిగతా ముక్కలన్నీ అచ్చం మొదటిదాని లాగే తయారయ్యేవి. రెండోదాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు. గొళ్లెం పోసినవాడి తమ్ముడే ఆ కేజ్ ఎక్కి కిందికి దిగాలి, ఇంక మోసం ఎవడు చేస్తాడు?

గనులు పోయినా ఆ మాట పోలేదు. కుక్కరు కొన్నా, తాళం కొన్నా, సైకిలు కొన్నా గని కార్మికులకు కట్టిన మా లైన్ల ఇళ్లవాళ్లు ముందు అతని అరుగు మీదికి తెచ్చేవాళ్లు. "ప్రేమరాజు చూసినాడా?" అని అడిగాకే పక్కింటివాళ్లు కొనేవాళ్లు. అతనికి ఉన్న ఆస్తి అదే. పింఛను కంటే దాన్నే జాగ్రత్తగా చూసుకునేవాడు. ఒకసారి సొంత బావమరిది తెచ్చిన కొత్త టార్చిలైటును "ఫెయిల్" అన్నందుకు ఆ బావమరిది రెండు క్రిస్మస్‌లు వాళ్లింట్లో భోంచేయలేదు.

అలాంటి అరుగు మీదికి, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం మొన్న మొదలవడానికి కొంచెం ముందు, మేనల్లుడు రోనాల్డు ఒక రేజరు తెచ్చాడు.

రోనాల్డు ప్రేమరాజు చెల్లెలు మార్గరెట్ కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. సెలవుల్లో వాణ్ని వర్క్‌షాపుకు తీసుకుపోయి, ఆకురాయి ఎలా పట్టుకోవాలో, మర ఎలా తీయాలో నేర్పించింది మామే. పెద్దయ్యాక వాడు సెల్‌ఫోన్ల షాపు పెట్టి మూసేశాడు, కోళ్ల ఫారం పెట్టి మూసేశాడు. ఇప్పుడు కోలారులో టమాటా మార్కెట్టు వెనక ఒక గోడౌను అద్దెకు తీసుకుని రేజర్ల వ్యాపారంలో దిగాడు.

"మామా, ఈ ప్లాస్టికు రేజర్లు నాలుగు తూర్లు గీసుకుంటే పారేయాల," అన్నాడు. "ఇది చూడు. తాత రేజరు మాదిరే. పైన టోపీ, కింద పళ్ల ప్లేటు, మర తిప్పి బిగించే పిడి. బ్లేడు ఒక్కటి మారిస్తే చాలు, బతుకంతా వస్తాది. రేటు కూడా ఎక్కువ లేదు, ఒక బిర్యానీ తినే దుడ్డుతో వచ్చేస్తాది."

"బిర్యానీ రేటుకు ఇత్తడి యాడ వస్తాదిరా?"

"నువ్వే చూడు మామా. నేనేమి చెప్పను."

ప్రేమరాజు చూశాడు. అరుగు రాయి మీద పడేశాడు, గంటలాగా మోగింది. టోపీ అడుగున ఆకురాయితో గీకాడు, పసుపుపచ్చగా మెరిసింది. ఆ టోపీకి అడుగున ఉన్న చిన్న మరమేకే రేజరు మొత్తానికి ప్రాణం. అది పిడిలోకి దిగి బిగిస్తేనే బ్లేడు కదలకుండా ఉంటుంది. దాన్ని పట్టకారుతో బిగించి తిప్పాడు, రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టాడు, పొద్దున మళ్లీ తిప్పాడు. పూత లేవలేదు, మర అరగలేదు.

"పాస్," అన్నాడు.

రోనాల్డు మామ కాళ్లకు మొక్కబోయి, మేము కిరస్తానీలమని గుర్తొచ్చి, చేయి పట్టుకుని ఊపాడు. రేజరు చేత్తో పట్టుకున్న మామను ఫోనుతో ఫొటో తీశాడు. పది రోజులు తిరక్కముందే బాక్సులు వచ్చాయి. వాటి మీద ప్రేమరాజు నవ్వుతున్నాడు. కింద 'గోల్డ్‌ఫీల్డ్స్ ఫిట్టర్ ప్రేమరాజు పాస్ చేసినది' అని మూడు భాషల్లో ఉంది. ముప్పై ఏళ్లలో ఏ అధికారీ అతని పేరు గోడ మీద కూడా రాయించలేదు. ఆ బాక్సును ఇంట్లో సిలువ కింద ఉన్న అలమారలో పెట్టుకున్నాడు.

మా తెలుగు గుడిలో, అంటే చర్చిలో, ఒక అలవాటు ఉంది. శ్రమల కాలమంతా మగవాళ్లు గడ్డం గీయరు. ఈస్టరుకు ముందురోజు సాయంత్రం గీసుకుని, తెల్లవారి ఆరాధనకు నున్నటి ముఖాలతో వస్తారు. అందుకే ఆ కాలంలో రేజర్లు కొన్నవాళ్లందరూ వాటిని బాక్సుల్లోనే దాచుకున్నారు. "ప్రేమరాజు చూసినాడా?" అని ఎవరూ అడగనవసరం లేదు, ముఖమే బాక్సు మీద ఉంది. అతనూ ఊరుకోలేదు. "ఆ ప్లాస్టికు చెత్తంతా పారేయండప్పా, ఇంగ వాటితో పనిలేదు," అని గుడి దగ్గర ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. వాళ్లు పారేశారు.

ఇక శనివారం సాయంత్రం.

అన్ని రోజుల గడ్డం అంటే మామూలు గడ్డం కాదు. గుడి పాటల గుంపుకు పెద్దైన గాడ్విన్ గడ్డంలో ఒక పిచ్చుక గుడ్లు పెట్టిందని, ఈస్టరుకు పిల్లలు ఎగిరిపోతాయని అతని భార్య ఎదురుచూస్తోందని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ గాడ్విన్ అద్దం ముందు కూర్చుని, కుడి చెంప గీసి, ఎడమ చెంపకు తిరిగాడు. టక్‌మంది. టోపీ ఊడి నురుగు గిన్నెలో పడింది. మరమేకు విరిగి పిడిలోనే ఉండిపోయింది. బ్లేడు జారి పెదవి తెగింది. విరిగినచోట చూస్తే లోపల బూడిదరంగు, పొడిపొడిగా, బిస్కెట్టు విరిచినట్టు. ఇత్తడి కాదు, చవక జింకు పోత. పైన క్రోము పూత.

అదే టక్‌మన్న మోత మా లైన్లలో ఇంటింటా వినిపించింది. కొన్నింటికి మేకు విరిగింది, కొన్నింటికి మరలే నలిగిపోయి పిడి ఊరికే తిరిగింది, గీయకముందే కొన్నింటి పూత పొలుసులుగా లేచింది. ప్లాస్టికు రేజర్లు లేవు. మంగలి ఓబలప్ప జాతరకని బూదికోటకు పోయాడు.

తెల్లవారి గుడి ఆవరణలో పాస్టరు అయ్యగారు "క్రీస్తు లేచెను" అన్నారు. "నిజముగా లేచెను" అన్నవాళ్లలో సగం మందికి సగం గడ్డమే ఉంది. ఒకడికి మీసం ఒకవైపే ఉంది. ఒకడు కండువాను పంటినొప్పి వచ్చినట్టు చుట్టుకున్నాడు. గాడ్విన్ పెదవికి పట్టీ వేసుకుని పాట ఎత్తుకుంటే ఒక్క పల్లవిలోనే మూడు పాటలు వినిపించాయి. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్లు గుడిలో నవ్వకూడదని బెత్తంతో నేర్పారు గనక నేను నాలుక కొరుక్కుని నిలబడ్డాను.

అప్పుడు ప్రేమరాజు వచ్చాడు. ముఖం అద్దంలాగా ఉంది. అతను గీసుకున్నది ఆ మొదటి రేజరుతో. అది విరగలేదు.

ఆరాధన అయ్యాక గాడ్విన్ అతని దగ్గరికి వచ్చి, పట్టీ కిందినుంచే అడిగాడు: "ఏమన్నా ప్రేమరాజన్నా, నీది మాత్రం నున్నగా ఉండాదే! మంచిది నువ్వు పెట్టుకుని, బిస్కెట్లు మాకు ఇచ్చినావా?"

"ఏమి మాట్లాడుతా ఉండావప్పా?"

గాడ్విన్ జేబులోంచి విరిగిన టోపీ తీసి అతని అరచేతిలో వేశాడు. ఇంకొకడు ఇంకొకటి వేశాడు. ప్రేమరాజు విరిగినచోట గోటితో గీశాడు. పొడి రాలింది. అతను ఎవరి ముఖమూ చూడలేదు. చేతినిండా టోపీలు పట్టుకుని గేటు దాకా నడిచి, జేబులో పోసుకుని, ఇంటికి పోయి భోజనం చేయకుండా పడుకున్నాడు.

మంగళవారం కోలారు బస్సెక్కి గోడౌనుకు పోయాడు. రోనాల్డు బాక్సులకు టేపు అంటిస్తున్నాడు. గడ్డం ఎప్పుడో గీసుకున్నాడు.

"మామా! ఫోను చేసుంటే బండి పంపుతా ఉంటిని గదా!"

ప్రేమరాజు జేబులోంచి టోపీలు తీసి టేబులు మీద పోశాడు. "ఇవి నేను పాస్ చేసినవి కాదు."

రోనాల్డు వాటిని చూడలేదు. టేపు చివర గోటితో వెతుక్కున్నాడు. "ఆ రేటుకు ఇంతే వస్తాది మామా. అందరూ ఇట్లే చేస్తారు."

"మరి నాకు చూపించింది?"

"అది ఇత్తడితో లేతు మిషను మీద చేయించినాను. ఒక్కటే."

"ఒక్కటేనా?"

"నువ్వు మొదటిదే చూస్తావు గదా మామా. నువ్వే నేర్పించినావు."

ప్రేమరాజు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. అప్పుడు ఇంకొకటి తట్టింది. "శ్రమల కాలంలో ఎందుకు అమ్మినావురా?"

రోనాల్డు ఇంకో బాక్సుకు టేపు లాగాడు.

"ఎవడూ ఈస్టరు దాకా బాక్సు తెరవడని గదా? అప్పటికి సరుకంతా పోతాదని గదా?"

"నా ఒక్కడి బుర్ర కాదు మామా," అన్నాడు వాడు, గొంతు పెంచి. "మా అమ్మనే చెప్పింది. 'మొదటిది గట్టిగా చేయించురా, మీ మామ రెండోది చూడడు' అని. పొయ్యి ఆమెను అడుగు!"

మార్గరెట్ ఇల్లు ప్రేమరాజు ఇంటి వెనక లైన్లోనే. అతను పోయేసరికి ఆమె చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అన్న ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. చేయి మాత్రం ఆగలేదు.

"రోనాల్డు చెప్పేది నిజమా మార్గరెట్?"

"నిజమే. నువ్వు అన్నీ చూసుంటే ఒక్కటన్నా పాస్ చేస్తావా? సొంత బావమరిదికే టార్చి ఫెయిల్ చేసినోడివి. వాడు రెండు యాపారాల్లో మునిగినాడు. ఈ తూరి కూడా మునగనీ అని నేను చేతులు కట్టుకుని సుమ్నే కూర్చోవాల్నా?"

"నన్ను అడగొచ్చు గదమ్మా."

"అడిగితే ఏమంటావో నాకు తెల్దా?"

"గుళ్లో అందరూ నన్ను దొంగ మాదిరి చూసినారు. నా మొహం ఒక్క తూరన్నా గుర్తుకు రాలేదా నీకు?"

"వచ్చింది అన్నా," అంది ఆమె, గింజలు చేటలోకి విదిలిస్తూ. "అందుకే గదా బాక్సు మీద వేసింది."

ఆమె ఎగతాళిగా అనలేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. అదే అతన్ని ఎక్కువ కొట్టింది. వాకిట్లోకి వచ్చి చెప్పులు వేసుకుని ఇంటికి పోయాడు.

తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రకటనలు చదివాక, ప్రేమరాజు లేచి నిలబడ్డాడు. మార్గరెట్ ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఉంది.

"ఆ రేజర్లు నేను పాస్ చేయలేదు. ఒక్కటే చూసినాను. ఆ ఒక్కటి నన్ను ఏమార్చేదానికే చేసినారు. చేసింది నా చెల్లెలి కొడుకు. నా చెల్లెలికీ తెలుసు. ఎవరి దగ్గరన్నా ఉంటే పారేయండి. నా మొహం చూసి కొనొద్దండి."

మార్గరెట్ బైబిలు మూసి, చీర కొంగు సర్దుకుని, నడిమి దారిలో నుంచి బయటికి నడిచింది. చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. గాడ్విన్ లేచి, "కూర్చో అన్నా, నీ మీద మాకు ఏమీ లేదు," అన్నాడు. చాలామంది తలలూపారు. అందరూ అతన్ని క్షమించారు, అది నిజం. కానీ ఆ తర్వాత ఎవరూ కుక్కరో తాళమో అతని అరుగు మీదికి తేలేదు. పిల్లలు ఫోనులో రేటింగు నక్షత్రాలు చూసి కొంటున్నారు. దారిలో ఎదురైతే ఇంకా బాగా పలకరిస్తారు, కొంచెం గట్టిగా, జబ్బుమనిషిని పలకరించినట్టు.

రోనాల్డు బాక్సు మీది ఫొటో తీసేస్తానని కబురు పంపాడు. తీసేశాడు కూడా.

వానలు మొదలయ్యాక ప్రేమరాజు కళ్లద్దాలకని రాబర్ట్‌సన్‌పేటకు పోయాడు. బజారులో అంబరీష్ ఫ్యాన్సీ షాపు అద్దంలో అదే రేజరు, కొత్త బాక్సు. దాని మీద ఇంకొక ముసలాయన నవ్వుతున్నాడు. తెల్లమీసం, తలకు గని టోపీ, కళ్లచుట్టూ మంచి ముడతలు. కింద 'ఫిట్టర్ పాస్ చేసినది' అని ఉంది.

ప్రేమరాజు చాలాసేపు అద్దానికి ఆనుకుని చూశాడు. తర్వాత లోపలికి పోయాడు.

"అంబరీషూ, ఈ పెద్దాయన ఎవరప్పా?"

"ఎందుకు తాతా?"

"ఆయన ఇల్లు యాడ ఉండాదో తెలిస్తే చెప్పు. మారికుప్పమా, ఊరిగామా? పాపం, ఆయనకు కూడా ఒక్కటే చూపించి ఉంటారు. పొయ్యి చెప్పొస్తాను."

అంబరీష్ పడీపడీ నవ్వాడు. "అయ్యో తాతా, అట్లాంటి మనిషే లేడు! అది ఫోను గీసిన బొమ్మ. రోనాల్డన్న ఇక్కడే, నా ముందరే చేసినాడు. 'గనిలో పనిచేసిన ముసలోడు కావాల, మంచోడి మాదిరి ఉండాల' అని టైపు కొట్టినాడు, వచ్చేసినాడు. రెండు నిమిషాలు పట్టలేదు."

"మరి పాస్ ఎవరు చేసినారు?"

"ఎవరూ చేయలేదు తాతా. బాక్సు మీద మొహం ఉంటే చాలు, జనం కొంటారు."

ప్రేమరాజు బాక్సును చేతిలోకి తీసుకుని, ఆ లేని మనిషి కళ్లలోకి చూశాడు. తన కంటే మంచివాడిలాగా ఉన్నాడు. బాక్సును ఎక్కడ తీశాడో అక్కడే నిటారుగా పెట్టి, కళ్లద్దాల సంగతి మర్చిపోయి, వానలోకి నడిచాడు.