దోమితీలా చెక్కిన దుప్పటి

దోమితీలా చేతులు చూస్తే ఆమె ఏం చేసి బతికిందో అడగక్కర్లేదు. ఏళ్ల తరబడి ఊరివాళ్ల దుప్పట్లు ఉతికిన చేతులవి. దక్షిణ మెక్సికో కొండల మధ్య ఉన్న ఆ ఊళ్లో, సాన్ హసింతో వాడ ఆడవాళ్లందరికీ ఒకటే ఉతుకుడు రేవు ఉండేది: వరసగా రాతి తొట్లు, పైన రేకుల కప్పు, చుట్టూ గోడ, ఒకటే తలుపు. అక్కడే బట్టలు ఉతుక్కున్నారు, తగువులు పడ్డారు, పెళ్లిళ్లు కుదుర్చుకున్నారు. ఒక రోజు అధికారులు దానికి తాళం వేశారు. పర్యాటకులు నడిచే వీధిలో తడిబట్టలు కంటికి ఇంపుగా లేవట.

కడుపు మండింది గానీ దోమితీలాకు ఉపన్యాసాలు రావు. అందుకే పక్క సందులో, చెక్కమీద బొమ్మలు చెక్కి అచ్చులు తీసే నెరేయోగారి అచ్చుశాలకు వెళ్లింది. బొమ్మలంటే అంతవరకు ఆమె ఎరిగినవి చర్చిలోని పునీతుల పటాలు, కొట్టువాడిచ్చే క్యాలెండరు. పట్టణంలో ప్రదర్శనశాల లేకపోలేదు. లోపలికి వెళ్లడానికి పైసా అడగరు. కానీ గుమ్మంలో నిలబడ్డవాడు ముందు మన చెప్పుల వంక చూస్తాడు. పేదవాణ్ణి బొమ్మలకు దూరంగా ఉంచడానికి ఆ చూపొక్కటి చాలు.

నెరేయోగారి దగ్గర ఆ చూపు లేదు. ముసలాయన చేతికి ఉలి ఇచ్చి, "వేలు కోసుకోకు తల్లీ," అన్నాడు, అంతే. అక్కడ ఒక్కరి సంతకంతో ఏ బొమ్మా బయటికి పోదు. తలా ఒక చెయ్యి వేస్తారు. అచ్చులు మొదట ఆ బొమ్మ ఎవరిదో వాళ్ల ఇళ్లకు వెళతాయి, తర్వాత వీధి గోడలకు.

ఈసారి బొమ్మ మూతపడ్డ రేవు గురించే. తలుపంత చెక్కలు రెండు. ఒకదాని మీద దోమితీలా, ఇంకోదాని మీద రేవులో ఆమె జోడీ రెఫూహియో, తమ బొమ్మలు తామే చెక్కాలి. చుట్టూ తొట్లు, నీళ్లు, రేకులు మిగతావాళ్లు చెక్కుతారు. దోమితీలా కూతురికి చర్చిలో జ్ఞానస్నానం చేయించినప్పుడు తల్లి వరసలో నిలబడింది రెఫూహియోనే. ఆ బంధంతో ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. తడి దుప్పటి పిండటం ఒక్కరివల్ల కాదు కదా, చెరో కొస పట్టుకుని మెలి తిప్పాలి. బొమ్మలోనూ అలాగే ఎదురెదురుగా నిలబడాలని అనుకున్నారు.

ఆదివారం పొద్దున రోడ్డు రోలర్ వస్తుంది. చెక్కలకు సిరా పూసి, కాగితం వేసి, పైన మందపాటి బట్ట పరిచి, రోలర్‌ను మీదనుంచి నడిపిస్తారు. శనివారం సాయంత్రం చెక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, కాగితం వేసి, చెంచా వీపుతో రుద్ది చూశారు.

కాగితం ఎత్తగానే అచ్చుశాలంతా గొల్లున నవ్వింది. బొమ్మలో దోమితీలా తన వదినకు వీపు పెట్టి నిలబడింది! అచ్చులో కుడి ఎడమవుతుందని, ముందు కాగితం మీద గీసి, దాన్ని తిరగేసి చెక్కమీదికి దించుకోవాలని నెరేయోగారు చెప్పకపోలేదు. దోమితీలా కాగితం జోలికి పోలేదు. రేవులో తాను ఎలా నిలబడేదో అలాగే సూటిగా చెక్కమీద గీసుకుంది. చెక్కలు వేర్వేరు బల్లల మీద ఉండటంతో ఎవరి కంటా పడలేదు.

"ఏం వదినా, నామీద అలిగావా?" అంది రెఫూహియో.

"ఇన్నేళ్లు చూశానుగా నీ మొహం, చాలదూ?" అంది దోమితీలా. మాట సరదాదే గానీ, ఉలి తీసి బల్ల మీద పెట్టేసింది.

బొమ్మల బడిలో పాఠాలు చెప్పే ఔరేలియో మంచి కుర్రాడు. "బాధపడకమ్మా. కొత్త చెక్క ఉంది. పొద్దుటికల్లా నేను చెక్కేస్తా," అన్నాడు.

"మంచిది నాయనా. నా ఒక్కదానివల్ల అందరి పనీ చెడకూడదు. నాది తీసేయండి." అలా అంటూనే దోమితీలా అరచేయి చెక్కమీద నుంచి తీయలేదు. ఆమె బతుకులో తన కోసం చేసుకున్న పని అదొక్కటే.

నెరేయోగారు బల్లలు వేయించాడు. అక్కడ ఏదైనా తేలేది అందరూ కూర్చుని మాట్లాడాకే. తేలేదాకా ఎవరూ తిండి ముట్టరు. ఆ రాత్రి తిండి తమాలెలు, మొక్కజొన్న పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించిన పిండిముద్దలు.

"ఔరేలియో చెక్కితే నున్నగా వస్తుంది. రేవు ఆడవాళ్లు తప్పు బొమ్మ చూసి నవ్వితే మనకే చిన్నతనం," అన్నాడు ఆయన. "కానీ ఈ చెక్కలో అందరి చేతులూ ఉన్నాయి. అదీ వదులుకోలేను."

"తమాలెలు చల్లారిపోతున్నాయి," అని మూలనుంచి ఎవరో గొణిగారు.

రెఫూహియో లేచింది. తన చెక్కను ఈడ్చుకెళ్లి దోమితీలా చెక్కకు అవతలి పక్కన పెట్టింది. "చూస్తారేం? రుద్దండి."

మళ్లీ రుద్దారు. ఈసారి బొమ్మలో రెఫూహియో ముందు, వెనక దోమితీలా. వెనకామె చేతిలోని దుప్పటి ముందామె భుజం మీదికి పోతోంది. బరువు ఇద్దరూ కలిసి మోస్తున్నట్టుంది.

"బాగుంది. మరి నీ చేతిలో కొస ఎవరికి ఇస్తున్నావు పెద్దమ్మా? ముందు ఎవరూ లేరుగా," అన్నాడు ఔరేలియో.

"ఎందుకు లేరు?" అంది రెఫూహియో. "పక్క అచ్చులో మా వదినుంటుంది. గోడకు ఒక్కటే అంటిస్తామా ఏమిటి? ఒక్క బొమ్మను చట్రంలో బిగించుకుని చూసుకునేవాడికి సగమే దక్కుతుంది. అంతే మరి!"

నెరేయోగారు ఇంకెవర్నీ అడగలేదు. తమాలె పొట్లం విప్పి మొదటిది దోమితీలా చేతిలో పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నానికి రేవు ఆడవాళ్లందరికీ తలా ఒక అచ్చు అందింది. మిగిలినవి, జిగురు బకెట్లు తీసుకుని మూసిన రేవు దగ్గరికి వెళ్లారు. అచ్చు పక్కన అచ్చు అంటిస్తుంటే దుప్పటి ఒకరి చేతినుంచి ఇంకొకరి భుజం మీదికి గోడంతా పాకింది. పర్యాటకులు ఫోటోలు తీసుకున్నారు. వాడవాళ్లు మాత్రం ఎవరి వీపు ఎవరిదో పోల్చుకుంటూ నవ్వుకున్నారు.

గోడ అయిపోయి తాళం వేసిన తలుపు దగ్గర వరస ఆగింది. చివరి అచ్చులో రెఫూహియో చేతిలోని కొస తలుపు అంచున నిలిచిపోయింది.

"ఇక్కడికి చాలు. తలుపు ముట్టుకుంటే పోలీసులు వస్తారు," అన్నాడు ఔరేలియో.

దోమితీలా జిగురు పూసే చీపురును బకెట్లో ముంచింది.

"రానీ నాయనా, వాళ్ల దుప్పట్లు ఉతికిందీ మేమే," అంటూ తలుపు మీద, తాళం మీద పూసేసి, ఇంకో అచ్చు అందుకుంది. "వదినా, ఆ పై కొస పట్టుకో."