గోడ బయట విన్న ఇంగ్లీషు

మనవరాలు ఫోన్‌లో ఇంగ్లీషు సంభాషణలు వింటూ ప్రశ్నలకు జవాబులు చెబుతుంటే మా కేతేపల్లి పంచాయతీ రేడియో గుర్తొచ్చింది. మీకు గుర్తుందా, సాయంత్రం పూట వచ్చే ఆ ఇంగ్లీషు పాఠం? లోపల మగవాళ్లుంటారని అక్కా నేనూ గోడ బయటే, మేకలను పక్కన పెట్టుకుని వినేవాళ్లం. రేడియో ఏమడిగినా అక్క మేకల వైపు తిరిగి ఇంగ్లీషులోనే జవాబు చెప్పేది.

ఆ ఏడు అక్కకు జ్వరం పట్టుకుని వదల్లేదు. మేకలు కాచేవాళ్లకేం తెలుస్తుందనుకున్నారో ఏమో, దవాఖానలో డాక్టర్లిద్దరు ఆమె ముందే ఇంగ్లీషులో అనుకున్నారు, ఈ పిల్ల బతకదని.

"ఏమంటున్రు బిడ్డా?" అని బాపు అక్కను అడిగాడు.

"జర తాకత్ తగ్గిందంట బాపూ. మందు తాగితే మంచిగైతదట."

పంచాయతీ గోడ బయట ఆ పాఠాలు నేనూ విన్నదాన్నే కదా, డాక్టర్ల మాట నాకూ అర్థమైంది. అక్క దుప్పటి కింద నా చెయ్యి గట్టిగా నొక్కింది.